పైడమ్మ తాలూకు ఎవరు?

మా యంత్రానికి పేరు పెట్టే పని సదాశివంగారు నాకు అప్పగించారు. ఆయన మా లేబరేటరీ డైరెక్టరు. పదకొండేళ్ళుగా ఆ యంత్రమే లోకంగా బతికిన మనిషి, పేరు పెట్టడం మాత్రం ఆడవాళ్ళ పని అనుకున్నారు. నేను 'ఆనవాలు' అన్నాను. బాగుందన్నారు. మర్నాటికల్లా పెదవాల్తేరులోని మా మేడ ముందు బోర్డు వచ్చేసింది.

అది చేసే పని చెప్పడం తేలికే. కడుపులో పడిన ప్రతి పిండమూ, నిలిచినా నిలవకపోయినా, తల్లి రక్తంలో తన కణాలు కొన్ని వదిలిపెట్టి పోతుంది. పది రోజులకే జారిపోయినా సరే, కడుపు పండిందన్న సంగతి ఆ తల్లికే తెలియకపోయినా సరే. ఆ కణాలు ఏళ్ళ తరబడి ఆవిడ ఒంట్లో తిరుగుతూనే ఉంటాయి. ఆనవాలు చిన్న సీసాడు రక్తం తీసుకుని, మూడు గంటలసేపు గుర్రుమని, అందులో ఎన్ని పిండాల కణాలున్నాయో వేరు చేసి చెబుతుంది. ఎప్పటివో ఏడాది అటూ ఇటూగా చెబుతుంది. పిండం నిలవకపోవడానికి లోపం తల్లివైపు నుంచి వచ్చిందా, తండ్రివైపు నుంచి వచ్చిందా అన్నది కూడా చెబుతుంది. పదేళ్ళు దాటితే మాత్రం దానికి చూపు ఆనదు. 'పదేళ్ళకు పైబడినది' అని రాసి ఊరుకుంటుంది.

పరీక్షలకి మొదట వచ్చినావిడ విశాలాక్షి టీచరు. గోపాలపట్నంలో లెక్కలు చెబుతుంది. పెళ్ళయి ఇరవై ఏళ్ళు. ఆవిడ కాగితం మీద 'తొమ్మిది' అని వచ్చింది. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చదువుకుంది. "అంటే నేను గొడ్రాలిని కాదన్నమాట," అంది మెల్లగా. తర్వాత నా గదిలోంచి బయటికి వెళ్ళి, వరండాలో బెంచీ మీద కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడ పక్కన కూలబడి, ఆ తొమ్మిది మాటా చెప్పింది. ఇద్దరూ కలిసి ఏడ్చారు. నేను అద్దం వెనకనుంచి చూస్తూ, టైము నోటు చేసుకున్నాను.

అలా మొదలైంది మా గురువారం బెంచీ. మూడు గంటలు కూర్చోవాలి కదా, కూడా వచ్చినవాళ్ళు టీ తాగడానికి కిందికి దిగగానే ఆడవాళ్ళు నోళ్ళు విప్పేవారు. సీమంతంలో గాజులు తొడిగే వేళకి 'నువ్వు కాస్త పక్కకి రామ్మా' అన్న పిన్నిగారి గురించి చెప్పుకునేవారు. ఎత్తుకోబోతే పసిబిడ్డకి పాలవేళయిందని లాగేసుకున్న తోటికోడలి గురించి, మింగిన మాత్రల గురించి, చుట్టిన ప్రదక్షిణల గురించి, భర్త అటు తిరిగి పడుకోవడం గురించి కూడా చెప్పుకునేవారు. బారసాలకి పిలుపు రానివాళ్ళందరికీ ఇక్కడే బారసాల అని విశాలాక్షి టీచరు అంటే పగలబడి నవ్వేవారు. ఆవిడ పరీక్ష ఎప్పుడో అయిపోయినా ప్రతి గురువారం సెలవు పెట్టుకుని మరీ వచ్చేది. వాళ్ళ ఫోన్ నంబర్లన్నీ ఆవిడ దగ్గరే ఉండేవి.

యంత్రం కంటే ఆ బెంచీయే వాళ్ళకి ఎక్కువ మేలు చేసింది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసీ ఒక్కసారి కూడా వెళ్ళి అక్కడ కూర్చోలేదు. ఒకసారి టీచరు తలుపు తోసి, మీకెంతమంది మేడమ్ అని అడిగింది. ఇంకా లేరండీ అన్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో, పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి, 'ఇంకా' అన్నాను. ఆవిడ నావైపు ఒక్క క్షణం చూసి తలుపు వేసేసింది. మళ్ళీ అడగలేదు.

ఇంట్లో మా వారు మురళీధర్. కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. మంచివాడే, చెయ్యి చేసుకున్న పాపాన పోలేదు. పరీక్ష చేయించుకోండి అంటే మాత్రం తొమ్మిదేళ్ళుగా ఒకటే మాట, మా వంశంలో అలాంటి లోపం లేదు అని. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏమిటి విశేషం అని అడిగితే చిన్నగా నవ్వి నావైపు తిరిగేవాడు. జవాబు నా దగ్గర ఉందన్నట్టు అందరూ అటే తిరిగేవారు. ఆ నవ్వంటే నాకు ఒళ్ళు మంట. అయినా తొమ్మిదేళ్ళూ నేను కూడా దానికి జతగా నవ్వాను.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు నా రక్తం నేనే తీసుకుని యంత్రంలో పెట్టాను. నాలుగు గంటలకి కాగితం బయటికి వచ్చింది. ఏడు. అందులో ఆరు, పెళ్ళయ్యాక. ఆరింటికీ లోపం తండ్రివైపు నుంచి వచ్చిందని రాసుంది. నాకు మొదట పట్టరాని సంతోషం వచ్చింది, సిగ్గు విడిచి చెబుతున్నాను. కాగితం పుచ్చుకుని బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుని నవ్వాను. ఆ తర్వాత ఆరు అన్న మాట అర్థమైంది. ఆరుసార్లు నా కడుపులోకి వచ్చి, నేను వంట చేసుకుంటూ, బస్సు పట్టుకుంటూ, టీవీ చూస్తూ ఉండగానే పోయారు. ఏడవడానికి ఒక్క రోజు కూడా ఇవ్వకుండా పోయారు. ఆ రోజు మొహం కడుక్కుని బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

ఏడోది ఉంది. 'పదేళ్ళకు పైబడినది.' పెళ్ళికి ముందు నేను ఎవరినీ ఎరగను. అది నాకంటే బాగా ఎవరికి తెలుసు? సీసాలో ఎక్కడో ఇంకొకరి రక్తం కలిసి ఉంటుందిలే అనుకుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండుబ్యాగు అరలో దాచేశాను. యంత్రం తప్పు చూపించిందని తెలిస్తే ఆ సాయంత్రమే డైరెక్టరుకి చెప్పాలి. నా ఉద్యోగమే అది. చెబితే ఎవరి రక్తం అంటారు. అందుకని చెప్పలేదు.

పైడమ్మ వచ్చింది ఆ తర్వాత మూడు వారాలకి. భీమిలి దగ్గర ఒక జాలరిపేట. ఇరవై ఆరేళ్ళుంటాయి. నవ్వితే మొహమంతా నవ్వే. పెళ్ళయి ఏడేళ్ళు. అత్త నూకాలమ్మ వెంటబెట్టుకొచ్చింది. కోడలికి మందిప్పించాలా, కొడుక్కి ఇంకో సంబంధం చూడాలా అన్నది ఆ రోజు తేల్చుకుందామని వచ్చిందావిడ. దాపరికం ఏమీ లేకుండా నాతోనే అంది ఆ మాట. పైడమ్మ మాత్రం బెంచీ మీద రెండు గంటల్లో అందరికీ చుట్టమైపోయింది. ఎండుచేపల వాసన వస్తోందని ఎవరో ముక్కు మూసుకుంటే, ఆ వాసనకే ఒకడు నన్ను కట్టుకున్నాడని నవ్వించింది.

కాగితాలు పేషెంటు చేతికే ఇవ్వాలని మా దగ్గర నియమం ఉంది. రాసిందీ, గోడకి అంటించిందీ నేనే. కానీ మన ఆస్పత్రుల్లో పుట్టి పెరిగిన నోరు కదా. కౌంటరులో ఉండే అప్పలస్వామి ఆ రోజు సెలవు. కవరు తీసుకుని నేనే వరండాలోకి వచ్చి, "పైడమ్మ తాలూకు ఎవరు?" అని పిలిచాను. పక్కనే కూర్చున్న పైడమ్మని పిలవకుండా, పైడమ్మ తాలూకు మనుషుల్ని పిలిచాను. నూకాలమ్మ లేచి చెయ్యి చాపింది. ఇచ్చేశాను.

ఆవిడ కాగితం తిరగేసి చూసి నాకే ఇచ్చింది. "నాకు సదువు రాదు. ఏటి రాసుందో సదివి సెప్పమ్మా," అంది.

నేను చదివాను. అందరూ వింటుండగానే చదివాను. మొత్తం అయిదు. నాలుగింటికి లోపం తండ్రివైపు నుంచి. నాలుగూ ఏడేళ్ళలోపువి. ఒకటి పదేళ్ళకు పైబడినది. ఆ చివరి మాట నోట్లోంచి వచ్చాక గానీ ఏం చదివానో నాకు తెలియలేదు.

నూకాలమ్మ వేళ్ళు మడిచి చూసుకుంది. "పెళ్లయి ఏడేళ్ళే గదా. పదేళ్ళదెలాగొచ్చింది?" అంది కోడలితో. గొంతు పెంచలేదు. పైడమ్మ నాకేటి తెల్దత్తా అంది. రెండుసార్లు అదే మాట అని నావైపు చూసింది. తండ్రివైపు లోపం అన్న నాలుగు మాటలూ అక్కడ ఎవరికీ వినబడలేదు. నేను, మళ్ళీ పరీక్ష చేద్దామండీ, ఒక్కోసారి తేడా వస్తుంది అని గొణిగాను. యంత్రం అబద్దమాడుతుందేటి అని నూకాలమ్మ అడిగింది. నా బ్యాగు నా భుజానికే ఉంది. అందులో నా కాగితం ఉంది. ఆడుతుందని చెప్పలేకపోయాను. ఆవిడ కోడలి రెక్క పుచ్చుకుని మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం బీచి రోడ్డులో స్కూటరు ఆపి అనకాపల్లిలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేశాను. ఒకే రకం తప్పు రెండు రక్తాల్లో వచ్చిందంటే అది సీసాల్లో కలిసిన రక్తం కాదు. ఏదో లెక్కలో పొరపాటు ఉంది. నాకు అనుమానం తట్టింది, అడగడానికి నోరు రాలేదు. చివరికి, నాకు ముందు నీకు ఏదైనా పోయిందా అమ్మా అన్నాను.

"నీకు ముందు ఒకటి పడింది. మూడో నెలలో పోయింది," అంది అమ్మ. "మీ నాన్నకి కూడా చెప్పలేదు. పదిమందికీ చెప్పుకునే సంగతా అది? ఇన్నేళ్ళకి నీకెవరు చెప్పారే?"

నా ఒంట్లో ఉన్న ఏడో ఆనవాలు మా అమ్మది. అమ్మ కడుపులో పోయిన పిండం కణాలు అమ్మ రక్తంలో మిగిలాయి. తర్వాత నేను ఆ కడుపులో ఉన్నప్పుడు బొడ్డుతాడు గుండా నాలోకి వచ్చాయి. పుట్టకముందు నుంచీ నా అన్నో అక్కో ఎవరో నాలో తిరుగుతున్నారు. పదేళ్ళు దాటితే చూపు ఆనని యంత్రం దాన్ని కూడా నా లెక్కలోనే వేసింది. పైడమ్మదీ అంతే అయివుండాలి. పదకొండేళ్ళ పరిశోధనలో ఈ సంగతి ఎందుకు బయటపడలేదంటే, మేం పరీక్షలకి తీసుకున్న ఆడవాళ్ళందరినీ 'మీ అమ్మకి మీ ముందు ఏదైనా పోయిందా' అని అడిగాం. లేదు అని రాయించారు అందరూ. వాళ్ళకి తెలిస్తే కదా. వాళ్ళ అమ్మలు చెబితే కదా.

మర్నాడు సదాశివంగారి గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. నా పేరు తప్ప అంతా. ఆయన శ్రద్ధగా విని, ఆ రెండో రక్తం ఎవరిదని అడిగారు. చెప్పలేను సార్ అన్నాను.

"పేరు లేని రక్తం చూపించి యంత్రం తప్పంటే ఎవరు నమ్ముతారు, సుభాషిణీ? ఆవిడని తీసుకురా. వాళ్ళ అమ్మనీ తీసుకురా. ఇద్దరి రక్తం చూద్దాం," అన్నారు.

న్యాయమైన మాటే. నేను వెనక్కి వచ్చి నా కుర్చీలో కూర్చుని ఆరు రోజులు ఊరుకున్నాను. ఆరు రోజులూ ఏం చేశానని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. రిపోర్టులు సర్దాను. ఇంట్లో చిక్కుడుకాయ కూర వండాను.

గురువారం విశాలాక్షి టీచరు సూటిగా నా గదిలోకే వచ్చింది. పైడమ్మ ఫోన్ చేసిందట. పుట్టింటికి పంపేశారట. ఆదివారం కులపెద్దల్లో పెడుతున్నారట. మొగుడు తెగతెంపులు చేసుకుంటానంటున్నాడట. "ఆ పిల్ల అబద్ధం చెప్పే మనిషి కాదు మేడమ్. మీ యంత్రం సంగతి మీకు తెలియాలి. ఆదివారం లోపల ఏదైనా చెయ్యండి," అంది.

శుక్రవారం పొద్దున్నే నా కాగితం సదాశివంగారి బల్ల మీద పెట్టాను. ఆయన పేరు చూశారు, అంకె చూశారు, నావైపు చూడకుండా కాగితం మీదే వేలు పెట్టి కూర్చున్నారు. చివరికి, ఇన్నాళ్ళూ మాతో చెప్పకపోయావా అమ్మా అన్నారు. మొట్టమొదటిసారి అమ్మా అన్నారు. ఆ మధ్యాహ్నమే అనకాపల్లి నుంచి అమ్మని రప్పించి రక్తం తీశాను. రెండూ సరిపోయాయి. తప్పు ఒప్పుకుంటూ ముద్ర వేసిన ఉత్తరం ఇవ్వమన్నాను. ట్రస్టీలతో మాట్లాడి సోమవారం ఇస్తానన్నారాయన. ఆదివారం పెద్దలు కూర్చుంటున్నారండీ అంటే, సోమవారం కంటే ముందు నా చేతుల్లో లేదమ్మా అన్నారు.

ఉత్తరం లేకపోతేనేం, నా కాగితం ఉంది. అది పట్టుకుని నేనే వెళ్ళి పెద్దల ముందు నిలబడదామనుకున్నాను. వెళ్ళేముందు మురళికి చెప్పడం ధర్మం అనిపించింది. శనివారం టిఫిను అయ్యాక కాగితం ఆయన ముందు పెట్టాను. ఆరుగురి గురించి చెప్పాను. తండ్రివైపు లోపం అంటే ఎవరి తప్పూ కాదని, దానికి ఇప్పుడు వైద్యం ఉందని కూడా చెప్పాను. తొమ్మిదేళ్ళ తర్వాత మేమిద్దరం కలిసి ఏడుస్తామని నిజంగా ఆశపడ్డాను.

ఆయన కాగితం మొత్తం చదివాడు. వేలు చివరి వరస మీద ఆగింది.

"ఈ పదేళ్ళకు పైబడినది ఏమిటి?" అన్నాడు.

అమ్మ సంగతి చెప్పాను. రక్తం సరిపోయిందని చెప్పాను.

"మీ అమ్మ అలా అనక ఇంకెలా అంటుంది?" అన్నాడు.

ఫిజిక్సు లెక్చరరు. కొలతలూ, పొరపాట్లూ పిల్లలకి పాఠం చెప్పే మనిషి. ఆరుగురి మీద నుంచి అంత తేలిగ్గా దాటిపోయి ఆ ఒక్కదాని దగ్గర ఆగాడు. నేను టిఫిను ప్లేట్లు తీసేశాను. కాసేపయ్యాక, రేపు ఆ కాగితం పుచ్చుకుని పదిమందిలోకీ వెళతావా, అందులో నా పేరు కూడా ఉంది అన్నాడు. వద్దనలేదు. కేకలు వెయ్యలేదు. సంచీ తీసుకుని కూరలకి వెళ్ళిపోయాడు.

ఆదివారం నేను వెళ్ళలేదు. ఆయన ఆపాడని చెప్పుకుంటే కొంత బాగుంటుంది, కానీ ఆయన ఆపలేదు. మొగుడే నమ్మని మాట, ఊళ్ళో పెద్దలు నమ్ముతారా అనుకున్నాను. అందరూ నన్ను చూసే చూపు తల్చుకున్నాను. స్నానం చేసి, చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని, మళ్ళీ విప్పి, ముందుగదిలో కూర్చున్నాను. సోమవారం సాయంత్రం దాకా ఆగితే ముద్ర వేసిన ఉత్తరం వస్తుంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

మంగళవారం ఉత్తరం తీసుకుని బస్సెక్కాను. పైడమ్మ పుట్టిల్లు పేట చివర, సముద్రం వైపు. ఎండబెట్టిన చేపలు తిరగేస్తూ ఉంది. నన్ను చూసి లేవలేదు. వాళ్ళమ్మ నులకమంచం వాల్చింది. ఆదివారమే తేల్చేశారమ్మా అంది ఆవిడే. మొగుడికి బోయపాలెం నుంచి సంబంధం కూడా ఖాయమైపోయిందట. ఉత్తరం చదివి వినిపించాను. అందులో ఏముందో వాళ్ళకి అర్థమయ్యేలా మళ్ళీ నా మాటల్లో చెప్పి, పైడమ్మకి ముందు మీకు ఏదైనా పోయిందా అమ్మా అని అడిగాను.

ఆవిడ కూతురు వైపు చూడలేదు. "పోయింది. రెండో నెల్లో," అంది. "నా అత్తకి తెలిస్తే నష్టజాతకురాలంటాదని ఎవలికీ సెప్పలేదు. దానికీ దీనికీ సమ్మందం ఉందని నానెలాగెరుగుదును?" కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను పైడమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చుని ఉత్తరం అందించాను. దీంతో మళ్ళీ పెద్దల్ని కూర్చోబెట్టవచ్చు, నేనూ వస్తాను, టీచరుగారూ వస్తానన్నారు అని చెప్పాను. ఆ అమ్మాయి ఉత్తరం ముట్టుకోలేదు. మొగుడి సంగతీ అడగలేదు.

"ఒకటి తప్పన్నావు గదా," అంది. "మిగతా నాలుగూ కూడా తప్పేనేటి?"

"కాదు. ఆ నాలుగూ నీవే."

తల ఊపింది. బెంచీ మీద ఎవరో పేర్లు పెట్టుకోమన్నారట. పెట్టుకున్నానంది. ఏమిటో చెప్పలేదు. ఆ మాట అన్నప్పుడు మాత్రం మొహంలో కొంచెం వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూశాక నేను ఆగలేకపోయాను.

"నాకు ఆరు," అన్నాను. "నాకు కూడా పదేళ్ళు దాటింది ఒకటి వచ్చింది, మా అమ్మది."

ఆ మాట ఇంట్లో వాళ్ళకి, ఆఫీసులో వాళ్ళకి తప్పనిసరై చెప్పాను. కావాలని ఒక మనిషికి చెప్పడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను, బెంచీ మీద అందరి చేతులూ పట్టుకున్నట్టు.

పైడమ్మ చేతిలో ఉన్న చేప కింద పెట్టింది. "నా కాయితం సదివిన దినానికి నీకది తెల్సా?"

"తెలుసు."

"నీకూ ఉందని తెల్సే సదివినావా?"

నేను ఉత్తరం మళ్ళీ మడత పెట్టాను.

"అక్కడే అనీసుంటే సాలిపోను గదమ్మా," అంది. కోపంగా కూడా అనలేదు. "మా అత్త ముందల ఆ ఒక్క మాట అనీసుంటే సాలిపోను."

మళ్ళీ చేపల వైపు తిరిగింది. ఒక వరస పూర్తిగా తిరగేశాక, బస్సుకి ఇంకా ఏళుంది, మంచినీళ్ళు తాగి ఎళ్ళు, ఎండగా ఉంది అంది. వాళ్ళమ్మ చెంబుతో తెచ్చిన నీళ్ళు తాగాను. ఉత్తరం మంచం మీదే పెట్టి వచ్చేశాను.